భిన్నాభిప్రాయం విశ్వాసానికి శత్రువా?



మన ఆసుపత్రికి వచ్చే రోగులలో మందులు మధ్యలోనే మానేసేవారున్నారు. చేతిలో డబ్బు లేక కొందరు, కాస్త నెమ్మదించగానే ఇక అక్కర్లేదనుకొని కొందరు మానేస్తారు. వీరు గాక ఇంకొందరున్నారు. "ప్రార్థన చేయించుకున్నాం. ఇంకా మాత్రలు మింగుతూ ఉంటే దేవుణ్ణి నమ్మనట్టే గదా!" అని మానేసేవారు వీరు. మూర్ఛకు ఏళ్ళ తరబడి వేసుకొంటున్న మాత్రలు ఒక్కసారిగా ఆపితే, ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. చిన్నపిల్లల్లో ఎక్కువగా కనిపించే షుగరు వ్యాధికి ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం. సాధారణంగా 6 నెలలు వాడవలసిన టి.బి. మందులను రెండు నెలలకే మానితే, క్రిములు ఆ మందులకు లొంగకుండా తయారవుతాయి.

అలాంటి ఇంట్లో మందులు మానడానికి ఒప్పుకోనివారూ ఉంటారు. తల్లి ఒక మాట, కొడుకు ఒక మాట, సంఘ పెద్ద ఒక మాట. కొంతసేపటికి మంచం మీదున్న రోగి సంగతి వెనకబడుతుంది. ఎవరి విశ్వాసం గొప్పదన్న వాదం ముందుకు వస్తుంది. వార్డులోనూ, వరండాలోనూ ఇలాంటి మాటలు మేము తరచుగా వింటూ ఉంటాం.

అందుకే ఈ సంచికలో ఒక ప్రశ్నను మీ ముందుంచుతున్నాం. మనుషులు మతపరమైన నమ్మకాలను ఎందుకంత బిగించి పట్టుకొంటారు? మనతో ఏకీభవించనివారితో కలిసి కూర్చోవడం వల్ల ఆత్మీయంగా మనకు నష్టమా, లాభమా? మా అభిప్రాయం ముందుగానే చెబుతున్నాం. బిగించిన పిడికిలి వెనుక ఎక్కువసార్లు ఉండేది భయం. ఆ భయాన్ని పోగొట్టగలిగింది వాదంలో గెలుపు కాదు. ఒప్పుకోకపోయినా విడిచిపోని మనిషి తోడు.

బిగించిన పిడికిలి వెనుక

ఒక నమ్మకాన్ని గట్టిగా సమర్థించేవారిని మూర్ఖులని కొట్టిపారేయడం సులభం. అది న్యాయం కాదు. వారు కాపాడుకొంటున్నది ఏమిటో ముందు చూడాలి.

ఆ నమ్మకాన్ని వారికి నేర్పింది కన్నతల్లి కావచ్చు, బాప్తిస్మమిచ్చిన పాస్టరుగారు కావచ్చు. నమ్మకం తప్పంటే ఆ పెద్దలు తప్పన్నట్టు వినిపిస్తుంది. కష్టకాలంలో బియ్యం తెచ్చి ఇచ్చింది, పిల్ల పెళ్ళికి నిలబడింది, చావు ఇంట రాత్రంతా పాటలు పాడింది ఆ సంఘమే. నమ్మకం మారితే ఆ మనుషులు దూరమౌతారేమోనన్న బెంగ ఉంటుంది. ఇక జబ్బు వచ్చినప్పుడు అన్నీ అనిశ్చితమే. రిపోర్టు ఏమి వస్తుందో తెలియదు. ఖర్చు ఎంతవుతుందో తెలియదు. అలాంటప్పుడు నిశ్చయంగా ఉన్న ఒక్క మాటను మనిషి మరింత గట్టిగా పట్టుకొంటాడు. వరదలో కొట్టుకుపోతున్నవాడు చేతికందిన కొమ్మను వదలడు. "అది పుచ్చు కొమ్మ" అని గట్టు మీద నిలబడి ఎంత అరిచినా లాభం లేదు. ఇంకొక చెయ్యి అందితేనే వదులుతాడు.

మనస్తత్వ శాస్త్రంలో దీన్ని గురించి ఒక ముఖ్యమైన ఆలోచన ఉంది. అమెరికా శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1957లో దీన్ని పుస్తకంగా రాశారు. మనం నమ్మేదానికీ కళ్ళెదుట కనిపించేదానికీ పొత్తు కుదరనప్పుడు మనసులో ఒక ఇబ్బంది పుడుతుంది. ఆ ఇబ్బంది పోవాలంటే నమ్మకాన్నైనా మార్చుకోవాలి, కనిపించినదానికి వేరే అర్థమైనా చెప్పుకోవాలి. రెండోది సులభం గనుక తరచుగా మనం అదే చేస్తాం. ప్రార్థన తరువాత మందులు మానిన బిడ్డకు మళ్ళీ ఫిట్స్ వచ్చాయనుకోండి. "మందులు మానకుండా ఉండవలసింది" అనడానికి బదులు "బిడ్డ తల్లికి విశ్వాసం చాలలేదు" అంటారు. నమ్మకం చెక్కుచెదరకుండా నిలుస్తుంది. ఆ బరువంతా ఒక తల్లి గుండె మీద పడుతుంది. బిగుసుకుపోయిన నమ్మకం వల్ల కలిగే హాని ఇక్కడ అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. అది తనను కాపాడుకోవడం కోసం బలహీనుల మీద నింద వేస్తుంది.

ఇది చదువులేనివారికి మాత్రమే ఉన్న బలహీనత అనుకోకండి. గలతీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయం చూడండి. అన్యజనులతో కలిసి భోజనం చేయవచ్చని పేతురుకు తెలుసు. కొర్నేలీ ఇంటికి వెళ్ళి ఆ సత్యాన్ని కళ్ళారా చూసినవాడు ఆయన. అయినా అంతియొకయలో తనవాళ్ళు వచ్చేసరికి భయపడి ఆ బల్ల నుండి తప్పుకొన్నాడు. పౌలు దానికి చెప్పిన కారణం భయమే. అపొస్తలుడంతటివానికే తప్పని భయం మన ఇళ్ళలో, మన సంఘాలలో ఉండదంటామా?

బోస్టన్ పట్టణంలో ఒక వేసవి

వైద్యం విషయంలో విశ్వాసులు రెండుగా చీలిపోవడం ఈనాటిది కాదు. 300 సంవత్సరాల క్రితం అమెరికాలోని బోస్టన్‌లో జరిగిన సంగతి దీనికి మంచి ఉదాహరణ. మశూచి వ్యాధిని గురించినది అది. మన ఊళ్ళలో ఆ జబ్బును అమ్మవారు పోసిందని చెప్పుకొనేవారు. మశూచి అంటే మన పెద్దలకు ఎంత హడలో ఇంట్లో అమ్మమ్మలను, తాతయ్యలను అడిగితే చెబుతారు.

1721లో ఓడ మీద వచ్చిన మశూచి బోస్టన్‌లో పాకింది. సుమారు 11,000 మంది ఉన్న ఆ ఊళ్ళో 5,800 మందికి పైగా జబ్బు పడ్డారు. 844 మంది చనిపోయారు. అప్పటికి ఇంకా ఇప్పటి టీకా లేదు. జెన్నర్ టీకా 1796లో గాని రాలేదు. అయితే ఆఫ్రికాలోనూ, ఆసియాలోనూ ఒక పాత పద్ధతి ఉండేది. మశూచి పొక్కులోని రసిని కొంచెం తీసి, ఆరోగ్యంగా ఉన్నవారి చర్మానికి చిన్న గాటు పెట్టి అందులో ఎక్కించేవారు. జబ్బు తేలికగా వచ్చి పోయేది. ఈ సంగతిని ఆ ఊరి బోధకుడైన కాటన్ మేథర్‌కు చెప్పింది, ఆయన ఇంట్లో బానిసగా ఉన్న ఒనేసిము అనే ఆఫ్రికావాడు. మేథర్ వైద్యులకు ఉత్తరాలు రాశాడు. జబ్డియల్ బాయిల్‌స్టన్ అనే ఒక్క వైద్యుడు ముందుకు వచ్చి, మొదట తన ఆరేళ్ళ కొడుక్కే ఎక్కించాడు.

ఊరు భగ్గుమంది. జబ్బు దేవుని తీర్పు గనుక దాన్ని తప్పించుకోజూడడం పాపమన్నారు కొందరు. ఆరోగ్యవంతునికి జబ్బు ఎక్కించడం నరహత్య చేయకూడదన్న ఆజ్ఞను మీరడమే అన్నారు కొందరు. ఆ నవంబరులో మేథర్ ఇంట్లోకి బాంబు కూడా విసిరారు. అదృష్టవశాత్తు అది పేలలేదు. చివరికి లెక్క చూస్తే, సహజంగా మశూచి సోకినవారిలో నూటికి 14 మంది చనిపోయారు. బాయిల్‌స్టన్ ఎక్కించిన సుమారు 240 మందిలో చనిపోయినవారు ఆరుగురు. అంటే నూటికి ఇద్దరు ముగ్గురు.

ఈ కథలో మేము మూడు సంగతులు గమనించాం. మొదటిది: కొత్త వైద్యాన్ని సమర్థించినవారిలో బోధకులు ముందున్నారు. వ్యతిరేకించినవారిలో వైద్యుడు విలియం డగ్లస్ ముందున్నాడు. ఆ ఊళ్ళో వైద్య పట్టా ఉన్నది ఆయనకే. కాబట్టి మతం ఒక వైపు, వైద్యం ఒక వైపు అని గీత గీయడం కుదరదు. తెల్ల కోటు కింద కూడా బిగుసుకుపోయిన నమ్మకాలు ఉంటాయి. రెండవది: డగ్లస్ అభ్యంతరాలన్నీ పనికిమాలినవి కావు. ఎక్కించుకొన్నవారి నుండి జబ్బు ఇతరులకు సోకవచ్చునన్న మాట నిజమే. అలా అడిగేవాళ్ళు ఉన్నందువల్లనే సమర్థించేవారు లెక్కలు రాసి చూపించవలసి వచ్చింది. తరువాతి సంవత్సరాల్లో డగ్లస్ కూడా ఆ పద్ధతిని అంగీకరించాడు.

మూడవది మనల్ని ఆలోచింపజేసేది. 1692లో సేలంలో మంత్రగాళ్ళనే నెపంతో 19 మందిని ఉరి తీశారు. ఆ విచారణలను సమర్థిస్తూ పుస్తకం రాసినవాడు ఈ కాటన్ మేథరే. ఒక విషయంలో అంత కఠినంగా నిలిచిన మనిషి, మరొక విషయంలో ఒక బానిస చెప్పిన మాట చెవిని పెట్టాడు. కాబట్టి మనుషులను మొండివాళ్ళు, తెరచిన మనసు గలవాళ్ళు అని రెండు రాశులుగా పోయలేం. మనలో ప్రతి ఒక్కరిలోనూ తెరచిన తలుపొకటి, గడియ వేసిన తలుపొకటి ఉంటాయి.

ఒకే బల్ల దగ్గర 28 సంవత్సరాలు

ఒప్పుకోనివారితో మాట్లాడితే విశ్వాసం పలచబడిపోతుందని కొందరి భయం. సంఘ చరిత్ర అందుకు వేరుగా ఉంది. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో అన్యజనులకు సున్నతి కావాలా అన్న వివాదం వచ్చింది. కావాలన్నవారి నోరు ఎవరూ మూయలేదు. వారు లేచి తమ మాట చెప్పారు. పేతురు, పౌలు, బర్నబా తాము చూసినది చెప్పారు. చాలా తర్కం జరిగిన తరువాతనే యాకోబు నిర్ణయం చెప్పాడు. అన్యజనుల మీద అవసరమైన కొద్ది సంగతులు తప్ప భారం మోపలేదు. ఆ వివాదం జరగకపోతే మనవంటివారికి ఆ తలుపు తెరుచుకొనేది కాదు.

మన ప్రాంతానికే వద్దాం. ఒకప్పుడు దోర్నకల్ వైపు ఆంగ్లికన్ సంఘాలు, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టు సంఘాలు, కడప వైపు లండన్ మిషను సంఘాలు వేరువేరుగా ఉండేవి. అందరూ చదివేది ఒకే తెలుగు బైబిలు. అయినా కలిసి ప్రభురాత్రి భోజనం తీసుకోవడానికి అడ్డంకులుండేవి. బిషప్పులు ఉండాలా, ఎవరు అభిషేకిస్తే పాస్టరు అవుతాడు అన్నవి పెద్ద చిక్కులు. 1919లో తమిళదేశంలోని తరంగంబాడిలో కొందరు సేవకులు కూడి, ఈ చీలికలు మనకు తగవని ప్రకటించారు. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు వారిలో ముఖ్యులు. 1912లో బిషప్పుగా అభిషేకం పొందిన ఆయన, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు.

ఆ మాటలు ఫలించి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడడానికి 28 సంవత్సరాలు పట్టింది. అజరయ్యగారు ఆ రోజును చూడలేదు. 1945 జనవరి 1న ఆయన ప్రభువు సన్నిధికి వెళ్ళారు. ఆలస్యమైతే అయింది గాని, ఎవరి మనస్సాక్షినీ తొక్కి ముందుకు పోలేదు. అప్పటికే పాస్టర్లుగా ఉన్నవారికి మళ్ళీ అభిషేకం అవసరం లేదన్నారు. ఇకమీదట బిషప్పులే అభిషేకిస్తారన్నారు. ఏ సంఘానికైనా మనస్సాక్షిలో అభ్యంతరం ఉంటే, వారికి ఇష్టం లేని సేవకుణ్ణి వారి మీద రుద్దమని మాట ఇచ్చారు.

అప్పుడు కూడా అందరూ రాలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలలో ఎక్కువ భాగం 1947లో బయటే ఉండిపోయాయి. తాతల నాటి నుండి వస్తున్న ఆరాధన క్రమం, అభిషేకం పోతాయేమోనన్నది వారి బాధ. వారిని మూఢులని ఎవరైనా అనవచ్చు. మేము అనము. తమకు పవిత్రమైన దానిని తేలికగా తీసుకోకపోవడం దోషం కాదు. 1970వ దశకంలో వారు కూడా వచ్చి చేరారు. నేడు నంద్యాల డయాసిస్ దక్షిణ ఇండియా సంఘంలో ఒక భాగం. తలుపు మూసేసి ఉంటే వారు ఎక్కడికి తిరిగి వచ్చేవారు?

ఎదుగుదల అంటే ఏమిటి?

మెథడిస్టు సంఘ సేవకుడూ, ఆచార్యుడూ అయిన జేమ్స్ ఫౌలర్ 1981లో విశ్వాసపు దశలను గురించి ఒక పుస్తకం రాశారు. ఆయన చెప్పిన దాన్ని మన మాటల్లో చెబితే ఇలా ఉంటుంది. చాలాకాలం మన విశ్వాసం మన చుట్టూ ఉన్నవారి విశ్వాసమే. వాళ్ళు నమ్మేది మనమూ నమ్ముతాం. తరువాత కొందరు ప్రశ్నించుకొని, ఇది నాది అని సొంతం చేసుకొంటారు. ఇంకా ఎదిగినవారు తాము నమ్మిన సత్యంలో స్థిరంగా ఉంటూనే, ఎదుటివాడు చూసిన సత్యానికి చోటిస్తారు. ఒక దశ నుండి మరొక దశకు మనిషిని నడిపించే వాటిలో తనతో ఏకీభవించని మనుషులు ఎదురుపడడం కూడా ఒకటి.

"అలాగైతే ప్రతిదీ ప్రశ్నించుకొంటూ పోతే చివరికి మిగిలేదేమిటి?" అని మీరడగవచ్చు. ఈ ప్రశ్న న్యాయమైనదే. మా జవాబు ఇది. దేవుడు వేరు, దేవుణ్ణి గురించి మనకున్న అవగాహన వేరు. రెండోదాన్ని ప్రశ్నిస్తే మొదటివాడు తరగిపోడు. దేవుణ్ణి కాపాడవలసిన పని మనకు అప్పగించబడలేదు. ఆ భారం దించుకొన్నవాడికి పిడికిలి తనంతట తానే సడలుతుంది.

మందుల విషయమే తీసుకోండి. 2 రాజులు 20వ అధ్యాయంలో హిజ్కియా కన్నీటితో ప్రార్థించాడు, దేవుడు ఆలకించాడు. తరువాత యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థన, మందు ఒకే అధ్యాయంలో పక్కపక్కనే ఉన్నాయి. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడే గదా! స్వస్థపరచేది దేవుడని నమ్మేవారు, మాత్ర కూడా ఆయన చేతిదేనని నమ్మడానికి వెనుకాడనక్కరలేదు.

మీ ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు

మా అనుభవంలో మేలు చేసిన కొన్ని సంగతులు మీతో పంచుకొంటున్నాం.

1. ముందు అడగండి, తరువాత చెప్పండి. "మందు మానేయాలని నీకెందుకనిపించింది, అమ్మా?" అని అడిగి చివరిదాకా వినండి. ఒక్కోసారి అసలు కారణం నమ్మకం కాదు. మాత్రలు పడక కడుపులో మంట కావచ్చు, కొడుక్కి ఖర్చు ఎక్కువౌతోందన్న దిగులు కావచ్చు. అది డాక్టరుగారికి చెబితే మందు మార్చగలరు.

2. నలుగురిలో వాదించకండి. సందర్శకుల ఎదుట తప్పని నిరూపిస్తే, ఎవరైనా పరువు కోసం తమ మాటకే కట్టుబడతారు. ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడితే దిగివచ్చే దారి ఉంటుంది.

3. ప్రార్థనను ఎగతాళి చేయకండి. మందులు వాడమనే అల్లుడు, ప్రార్థన చేద్దామనే అత్తగారు ఒకే మంచం దగ్గర నిలబడవచ్చు. మాత్ర ఇచ్చే వేళకే ప్రార్థన పెట్టుకొన్న కుటుంబాలను మేము ఎరుగుదుం. వాదం అక్కడితో చల్లారింది.

4. సంఘ పెద్దలకు ఒక మనవి. రోగి మీకిచ్చే గౌరవం చాలా పెద్దది. "ప్రార్థన చేస్తాం, మందులు మానవద్దు" అని మీరు చెప్పే ఒక్క మాట మా పది మాటలకు సమానం. జబ్బు తగ్గకపోతే విశ్వాసం లేదని ఎవరినీ నిందించకండి.

5. ప్రాణాపాయం ఉన్నచోట వాదం తెగేదాకా ఆగకండి. ముఖ్యంగా చిన్నపిల్లలు, స్పృహ తప్పినవారు తమ మాట తాము చెప్పుకోలేరు. ముందు ఆసుపత్రికి తీసుకురండి. మాటలు తరువాత మాట్లాడుకోవచ్చు. భిన్నాభిప్రాయానికి ఓర్పు ఉండాలి గాని, దాని వెల మరొకరి ప్రాణం కాకూడదు.

వైద్యులకూ, నర్సులకూ ఇందులో భాగముంది. "చెప్పింది చేయండి, ఎదురు అడగవద్దు" అనే వైద్యం కూడా ఒక రకమైన మొండి మతమే. రోగి ప్రశ్నిస్తే విసుక్కోకుండా జవాబు చెప్పడం మా పని. మీకు సందేహం ఉంటే నిర్భయంగా అడగండి.

పౌలు, బర్నబా మార్కును గురించి తీవ్రంగా వాదించుకొని విడిపోయారని అపొస్తలుల కార్యములు దాచకుండా చెబుతోంది. అదే పౌలు చివరి రోజుల్లో తిమోతికి రాస్తూ, మార్కును వెంటబెట్టుకొని రమ్మన్నాడు, అతడు తనకు ప్రయోజనకరమైనవాడన్నాడు. ఈ మధ్యలో చాలా ఏళ్ళు గడిచాయి. ఎవరు ఎవరిని క్షమించారో, ఎవరి మనసు ఎలా మారిందో రాయబడలేదు. దారి మాత్రం మూసుకుపోలేదు.

మీ ఇంట్లో కూడా ఈ రోజు మీ మాట వినని మనిషి ఒకరుండవచ్చు. ఆ మనిషితో వాదం మిగిలి ఉన్నా, రాత్రి భోజనం మాత్రం కలిసి చేయండి. రేపు మాట్లాడుకోవడానికి అదొక్కటి చాలు.